మీ సిమ్‌ని ఎవరూ కాపీ కొట్టలేదండీ

ఖాతాలోంచి డబ్బు మాయమైందని తెలియగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "సిమ్ క్లోన్ చేసేశారంట". బ్యాంకు కౌంటర్లో అదే మాట, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అదే మాట, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు సంగతి సరేసరి. "అబ్బే, అలా జరగదండీ" అని ఎవరైనా అన్నారో, "నీకు తెలీదులే, హ్యాకర్లు తలచుకుంటే ఏదైనా చేస్తారు" అని నోరు మూయించేస్తారు.

హ్యాకర్లు ఏదైనా చేయలేరు. ముఖ్యంగా ఇది చేయలేరు. కార్డు మీ ఫోన్లో భద్రంగా ఉండగా, ఎక్కడో కూర్చుని దానికి ఇంకో కాపీ తయారుచేయడం మామూలు దొంగల వల్ల అయ్యే పని కాదు. అయినా ఈ కథనే మనం నమ్ముతూ కూర్చోవడం వల్ల దొంగలకంటే ఎక్కువ లాభపడుతున్నవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల దగ్గరికి వస్తాను. ముందు కార్డు సంగతి తేలాలి.

వేలిగోరంత ఉండే ఆ ముక్క ఉత్త మెమరీ కాదు, ఓ చిన్న కంప్యూటరు. 1991లో మ్యూనిక్‌లోని గీసెకె అండ్ డెవ్రియంట్ కంపెనీ మొట్టమొదటి సిమ్‌లు తయారుచేసి ఫిన్లాండ్‌లోని రేడియోలింజా అనే ఫోన్ కంపెనీకి అమ్మింది. అప్పటినుంచి సైజు తగ్గుతూ వచ్చిందే తప్ప అసలు పని మారలేదు. కార్డులో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఐఎంఎస్‌ఐ, నెట్‌వర్క్ మీ కార్డుని గుర్తుపట్టే గరిష్ఠంగా 15 అంకెల సంఖ్య, మన దేశంలో 404తోనో 405తోనో మొదలవుతుంది. అది పెద్ద రహస్యమేమీ కాదు. రెండోదే అసలు రహస్యం, 128 బిట్ల కీ, అంటే 16 బైట్ల రహస్య సంఖ్య. ఇంజనీర్లు దాన్ని కేఐ అంటారు. అది ఉండాల్సింది రెండు చోట్లే: మీ కార్డులో, మీ ఆపరేటర్ సర్వర్లో. ఇక మీ పది అంకెల ఫోన్ నంబరంటారా, అది ఏ కార్డుకి చెందాలో తేల్చేది కార్డు కాదు, ఆపరేటర్ డేటాబేస్‌లోని ఒక వరుస. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పనుంది.

సిమ్‌ని రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కి తగిలిస్తే ఐఎంఎస్‌ఐ చదవొచ్చు, కార్డులో దాచిన పేర్లూ నంబర్లూ చదవొచ్చు, పాత ఎస్సెమ్మెస్‌లు ఉంటే అవీ చదవొచ్చు. కేఐని మాత్రం చదవలేం. చదివే కమాండే లేదు. పాస్‌వర్డ్ వేస్తే తెరుచుకునే గది కాదది, అసలు తలుపే పెట్టలేదు. మనం చేయగలిగిందల్లా 16 బైట్ల సంఖ్య ఒకటి ఇచ్చి "దీనికి జవాబు చెప్పు" అనడమే. కార్డు ఆ సంఖ్యనీ తన దగ్గరున్న కీనీ కలిపి లెక్కగట్టి జవాబు మాత్రం బయటికిస్తుంది. నెట్‌వర్క్ అటువైపు అదే లెక్క చేసుకుని, రెండు జవాబులూ కలిస్తే లోపలికి రానిస్తుంది. ఫోను మధ్యలో ప్రశ్న అందించి జవాబు పంపుతుంది, అంతే. అంటే మీ సిమ్ ఉన్న ఫోనుకి కూడా ఆ కీ ఏంటో తెలీదు. ఫోనుకే తెలియనిది ఫోన్లో వేసుకున్న యాప్‌కి ఎలా తెలుస్తుంది? మిస్డ్ కాల్ ఇచ్చినవాడికి ఎలా తెలుస్తుంది?

2012 ప్రాంతంలో ఓ పుకారు దేశమంతా తిరిగింది, గుర్తుందా? "+92తో మొదలయ్యే నంబర్ నుంచి మిస్డ్ కాల్ వస్తుంది. తిరిగి చేయొద్దు. #90 గానీ #09 గానీ నొక్కమంటే నొక్కొద్దు. నొక్కితే మీ సిమ్ క్లోన్ అయిపోతుంది." పేపర్లలో కూడా వచ్చింది. దాని మూలం చూస్తే నవ్వొస్తుంది. అమెరికాలో కొన్ని ఆఫీసు ల్యాండ్‌లైన్ ఎక్స్‌ఛేంజీల్లో 9, 0, హ్యాష్ నొక్కితే అవతలివాడికి బయటి లైను దొరికేది, వాడు ఆ ఆఫీసు ఖర్చుతో ఎస్టీడీ మాట్లాడుకునేవాడు. అక్కడి ఆ పాత హెచ్చరిక సముద్రం దాటి వచ్చి, ల్యాండ్‌లైన్ కాస్తా మొబైల్ అయి, ఎస్టీడీ బిల్లు కాస్తా క్లోనింగ్ అయి కూర్చుంది.

అలాగని సిమ్ ఎన్నడూ కాపీ కాలేదా అంటే, అయ్యింది. నా కళ్లముందే అయ్యింది.

1998 ఏప్రిల్‌లో మార్క్ బ్రిసెనో, ఇయాన్ గోల్డ్‌బెర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే ముగ్గురు జీఎస్‌ఎం (2జీ) కార్డుల్లో అప్పట్లో విరివిగా వాడే కాంప్-128 అనే లెక్కలో బొక్క కనిపెట్టారు. ఆ లెక్క కీలోని 16 బైట్లనీ ప్రశ్నలోని 16 బైట్లనీ బాగా కలగాపులగం చేయాలి. కానీ మొదటి మెట్లలో కలపడం సరిగ్గా జరగదు. కీలోని ఒకటో బైటూ తొమ్మిదో బైటూ, ప్రశ్నలోని ఒకటో బైటూ తొమ్మిదో బైటూ, ఈ నాలుగూ కాసేపు తమలో తామే తిరుగుతుంటాయి, మిగతా వాటితో కలవవు. కాబట్టి ప్రశ్నలో ఆ రెండు బైట్లే మారుస్తూ అడుగుతూ పోతే, ఎక్కడో ఒకచోట రెండు వేరు వేరు ప్రశ్నలకి ఒకే జవాబు వచ్చేస్తుంది. అది దొరికిందంటే కీలోని ఆ రెండు బైట్లూ పట్టుబడినట్టే. అలా ఎనిమిది జతలు. మొత్తం ఓ లక్షన్నర ప్రశ్నలు, మామూలు రీడర్‌తో ఎనిమిది గంటలు.

మేం ఇంజనీరింగ్ చదివే రోజుల్లో రెండు సిమ్‌ల ఫోన్లు ఇంకా లేవు. ఒక కంపెనీలో రాత్రి కాల్స్ చవక, ఇంకో కంపెనీలో ఎస్సెమ్మెస్ ప్యాక్ చవక. ఫోను ఒక్కటే. కూకట్‌పల్లి హాస్టల్లో మా పక్క రూమువాడు, హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ సామాన్లకి పేరున్న జగదీశ్ మార్కెట్ నుంచి చైనా కిట్ ఒకటి పట్టుకొచ్చాడు. సీరియల్ పోర్టుకి తగిలించే రీడరు, ఓ సీడీ, ఒక తెల్ల కార్డు. ఆ కార్డులో 16 నంబర్లు పడతాయని డబ్బా మీద రాసుంది. వాడి సిమ్ రీడర్లో దోపి రాత్రంతా వదిలేశాడు. తెర మీద 16 గళ్లు. గంటలకొద్దీ ఏమీ జరిగేది కాదు. ఉన్నట్టుండి ఒకటో గడీ నిండేది, దాంతోపాటే తొమ్మిదో గడీ. మళ్లీ చాలాసేపటికి రెండోదీ పదోదీ. ఆ జతలు అలా ఎందుకు నిండుతున్నాయో మాకు అప్పుడు బొత్తిగా తెలీదు, ఏదో సినిమా చూస్తున్నట్టు చూశాం. పొద్దున్నకి తెల్ల కార్డు ఫోన్లో వేస్తే సిగ్నల్ వచ్చింది, మెనూలో ఏ నంబరు కావాలో ఎంచుకోవడమే. హాస్టల్లో వాడు హీరో అయిపోయాడు. మర్నాడు రాత్రి ఇంకొకడు తన కొత్త సిమ్ ఇచ్చాడు. సగం రాత్రిలో గళ్లు నిండడం ఆగిపోయింది. కార్డు తీసి ఫోన్లో పెడితే ఫోను దాన్ని గుర్తించనే లేదు. కొత్తరకం కార్డుల్లో కంపెనీలు ఒక పరిమితి పెట్టాయి. ఇన్నిసార్లకు మించి ఎవరైనా ప్రశ్నలడిగితే కార్డు తనంతట తనే మూతబడుతుంది. లక్షన్నర చేరేలోపే దాని కథ ముగిసింది.

2002లో ఐబీఎం పరిశోధకులు కార్డు వాడే కరెంటు లాంటి సంకేతాలను కొలిచి, పాత కార్డుల కీని నిమిషాల్లో లాగొచ్చని చూపించారు. కానీ అప్పటికే ఆ లెక్క రోజులు దగ్గరపడ్డాయి. కాంప్-128లో రెండో రకం, మూడో రకం వచ్చాయి. 3జీతో మిలెనేజ్ అనే కొత్త లెక్క వచ్చింది. దాని పునాది ఏఈఎస్, అంటే బ్యాంకులూ సైన్యాలూ నమ్ముకున్న లెక్క. ప్రశ్నలు మార్చి మార్చి అడిగి దీన్ని పడగొట్టే దారి ఎవరికీ దొరకలేదు. పైగా 3జీ నుంచి కార్డు కూడా నెట్‌వర్క్‌ని పరీక్షిస్తుంది. అడుగుతున్నది నిజమైన నెట్‌వర్కేనా అని తేల్చుకున్నాకే జవాబిస్తుంది. రీడర్లో పెట్టి లక్షన్నర ప్రశ్నలు అడుగుతానంటే ఆ సరసాలు దాని దగ్గర సాగవు.

2015లో షాంఘై జియావో టాంగ్ యూనివర్సిటీకి చెందిన యు యు అనే ప్రొఫెసర్ బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో 3జీ, 4జీ కార్డుల్ని కూడా కాపీ చేసి చూపించారు. ఈ సంగతి పట్టుకుని "చూశావా, అవుతుంది" అనేవాళ్లున్నారు. అవును, అయింది. ఎలా? కార్డు లెక్క చేస్తున్నప్పుడు లాగే కరెంటు హెచ్చుతగ్గుల్ని ఆసిలోస్కోప్‌తో కొలిచి. అంటే కార్డు మీ ఫోన్లోంచి తీసి ఆయన బల్లమీద పెట్టాలి. పిన్ పెట్టుకుని ఉంటే అదీ తెలియాలి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే కార్డు లాక్. ఆ పరిశోధన తర్వాతైనా కరెంటు జాడ దొరక్కుండా జాగ్రత్తపడే చిప్‌లు వాడండని కంపెనీలకు చెప్పినట్టయింది. సైబర్ మోసాలకి పేరుమోసిన జామ్‌తారాలో కూర్చున్నవాడు మీ సిమ్ కోసం ఆసిలోస్కోప్ మోసుకుని తెనాలి రాడు.

దూరం నుంచి చేసేదానికి దగ్గరగా వచ్చినవాడు ఒకడే. కార్‌స్టెన్ నోల్ అనే జర్మన్ పరిశోధకుడు. 2013లో. ఆపరేటర్లు కార్డులోని ప్రోగ్రామ్‌లను మార్చడానికి కనిపించని ఎస్సెమ్మెస్‌లు పంపుతుంటారు. కొన్ని కార్డులు వాటికి ఇంకా 56 బిట్ల పాత డీఈఎస్ తాళమే వాడుతున్నాయి. తప్పుడు ఆదేశం పంపితే ఆ కార్డు "ఇది చెల్లదు" అంటూ సంతకం పెట్టి మరీ జవాబిచ్చేది. ఆ సంతకం నుంచి రెండు నిమిషాల్లో తాళం కనుక్కున్నాడు. కొన్ని కార్డుల్లో అక్కణ్నుంచి కేఐ దాకా వెళ్లే దారీ చూపాడు. ఇది నిజంగా భయపడాల్సిన సంగతే. అందుకే ఆపరేటర్లు అలాంటి మెసేజ్‌లను నెట్‌వర్క్‌లోనే ఆపే ఫిల్టర్లు పెట్టుకున్నారు, డీఈఎస్‌ని వదిలించుకున్నారు. మీ దగ్గర ఇంకా ఆ కాలంనాటి సిమ్ ఉంటే మార్చుకోండి, తప్పులేదు.

సరే, ఏదో మాయ చేసి కాపీ తీశారే అనుకుందాం. దాంతో ఏం ఒరుగుతుంది? మనవాళ్ల ఊహలో క్లోన్ అంటే మన కాల్స్ అన్నీ అవతల కూడా వినిపిస్తాయి, మన ఫొటోలు, వాట్సాప్ చాట్‌లు వాడికి వెళ్లిపోతాయి. అదేం జరగదు. ఫొటోలూ చాట్‌లూ సిమ్‌లో ఉండవు. ఇక నెట్‌వర్క్ దృష్టిలో ఒక ఐఎంఎస్‌ఐ ఒక సమయంలో ఒకేచోట ఉంటుంది. చివరగా ఎవరు నమోదైతే కాల్, మెసేజ్ వాళ్లకే. మీరు తెనాలిలో, కాపీ ఢిల్లీలో ఉంటే, నెట్‌వర్క్ రికార్డులో మీరు నిమిషానికోసారి పదిహేను వందల కిలోమీటర్లు గెంతుతున్నట్టు కనబడుతుంది. అలాంటి గెంతుల్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఆపరేటర్ల దగ్గర ఉంది. పైగా మీకు రావాల్సిన కాల్స్ మధ్యమధ్యలో రాకుండా పోతాయి. దొంగకి ఇది గొడవ బేరం. వాడికి కావాల్సింది ఓ గంటసేపు మీ నంబరు పూర్తిగా వాడి చేతికి రావడం. అందుకు తేలికైన దారి వేరే ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి దక్షిణ కొరియా వెళ్లొద్దాం. 2025 ఏప్రిల్‌లో ఆ దేశపు అతిపెద్ద ఆపరేటర్ ఎస్‌కే టెలికాం సర్వర్లలో దొంగలు పడ్డారని బయటపడింది. పోయినవి సుమారు 2.7 కోట్ల ఐఎంఎస్‌ఐల వివరాలు, వాటితోపాటు కీలు. ఒక్క కార్డు కూడా విప్పలేదు, ఆసిలోస్కోప్ అక్కర్లేదు. రెండు చోట్ల ఉండాల్సిన కీ రెండో చోటి నుంచి పోయింది. ఆ కీలను కంపెనీ ఎన్‌క్రిప్ట్ చేయకుండానే దాచిందని ప్రభుత్వ దర్యాప్తులో తేలింది. కంపెనీ ఖాతాదారులందరికీ ఉచితంగా సిమ్‌లు మారుస్తామని ప్రకటించాల్సి వచ్చింది. దుకాణాల ముందు బారులు తీరాయి. వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ 13,000 కోట్ల వాన్లకు పైగా జరిమానా వేసింది. అంతకు పదేళ్ల ముందు, 2015 ఫిబ్రవరిలో, అమెరికా గూఢచారుల గుట్టు విప్పిన స్నోడెన్ పత్రాలు బయటపెట్టిన జెమాల్టో కథ కూడా అలాంటిదే. అమెరికా, బ్రిటన్ గూఢచారులు కార్డులు తయారుచేసే కంపెనీ నెట్‌వర్క్‌లోకే దూరి, ఆపరేటర్లకు పంపే కీల జాబితాలకు గురిపెట్టారు. ఎంత దొరికిందన్నదాని మీద కంపెనీ వాదన వేరు. ఏదేమైనా రెండు ప్రభుత్వాల గూఢచారి సంస్థలకి కూడా కార్డుని పగలగొట్టడం కంటే జాబితా ఎత్తుకెళ్లడమే తేలికనిపించింది.

మన దగ్గర అంత శ్రమ కూడా అక్కర్లేదు. కౌంటర్ చాలు.

పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్ తీసుకున్నంత మాత్రాన మీ పొలం ఎవడికీ రాదు. ఆన్‌లైన్ రికార్డులో పేరు మార్చేస్తే మాత్రం, ఒరిజినల్ పుస్తకం మీ బీరువాలో ఉన్నా ఉపయోగం లేదు. సిమ్ స్వాప్, అంటే మీ నంబరుని ఇంకో సిమ్‌కి మార్పించుకోవడం, కూడా అంతే. మీ ఆధార్ కాపీ, మీ ఫొటోలాంటి ఫొటో, "ఫోన్ పోయిందండీ" అనే ఓ కథ పట్టుకుని ఎవడో ఏదో ఊళ్లో కౌంటర్‌కి వెళ్తాడు. కౌంటర్ మనిషి నిర్లక్ష్యం వల్లో, చేయి తడపడం వల్లో డూప్లికేట్ సిమ్ బయటికొస్తుంది. అది కాపీ కాదు. దాని కీ వేరు, ఐఎంఎస్‌ఐ వేరు. డేటాబేస్‌లో మీ నంబరు ఎదురుగా ఉన్న వరుస మారింది, అంతే. ఆ క్షణం నుంచి మీ జేబులో ఉన్నది ప్లాస్టిక్ ముక్క.

మా చిన్నాన్న రిటైర్డ్ టీచర్. కొన్నేళ్ల క్రితం ఓ శనివారం సాయంత్రం ఆయన ఫోన్లో సిగ్నల్ పోయింది. టవర్ గొడవేమో అనుకున్నాడు. సోమవారం బ్యాంకుకి వెళ్తే ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దయి డబ్బు నాలుగు ఖాతాల్లోకి పోయిందని తెలిసింది. అక్కడి ఆఫీసరు జాలిగా, "మీ సిమ్ ఎవరో క్లోన్ చేసుంటారు మాస్టారూ, మా చేతుల్లో ఏముంది" అన్నాడట. సిమ్ కంపెనీ స్టోర్‌లో "మా సిస్టమ్‌లో అంతా కరెక్టుగానే ఉందండీ, మీ ఫోన్లో వైరస్ ఉందేమో" అన్నారట. రెండుచోట్లా మర్యాదగానే మాట్లాడారు, రెండుచోట్లా తప్పు ఆకాశంలోకి తోసేశారు. క్లోన్ కథతో లాభపడేవాళ్లున్నారని మొదట్లో అన్నాను, వాళ్లు వీళ్లే. నాకు ఫోన్ చేసి, "ఏరా, ఇంట్లోంచి కదలకుండా నా సిమ్ ఎలా కాపీ కొట్టారంటావ్? నేనేం నొక్కలేదురా, ఒట్టు" అన్నాడు. ఆ "ఒట్టు" విన్నాక నాకు మండింది. డబ్బు పోయింది ఆయనది, సంజాయిషీ ఇచ్చుకుంటున్నదీ ఆయనే.

"చిన్నాన్నా, సిమ్ బయటికి తీసి దాని మీదున్న పొడుగాటి నంబరు చదువు" అన్నాను. 8991తో మొదలయ్యే ఆ నంబరే ఐసీసీఐడీ, కార్డు సీరియల్ నంబరు. తర్వాత స్టోర్‌కి వెళ్లి, ఆయన మొబైల్ నంబరుకి ఇప్పుడు ఏ ఐసీసీఐడీ తగిలించి ఉందో రాసివ్వమని అడిగాం. చాలాసేపు నసిగి, మేనేజర్ వచ్చాక చెప్పారు. చివరి అంకెలు కలవలేదు. శనివారం సాయంత్రం వేరే రాష్ట్రంలోని దుకాణం నుంచి కొత్త సిమ్ ఇచ్చారు. క్లోనూ లేదు, వైరసూ లేదు, ఎవరో కౌంటర్ అవతల నిలబడి మా చిన్నాన్నగా చలామణీ అయ్యాడు. ఆ కాగితం చేతికొచ్చాక బ్యాంకు గొంతు కూడా మారింది. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకి నష్టం సున్నా. తప్పు ఖాతాదారుదే అంటే అది నిరూపించాల్సింది బ్యాంకు. సోమవారమే చెప్పాడు కాబట్టి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాక డబ్బు వెనక్కొచ్చింది. "క్లోన్" దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ ఉత్తరాల్లో రాయడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పటికీ ఇప్పటికీ నిబంధనలు మెరుగయ్యాయి, కాదనను. 2022 నవంబర్‌లో టెలికాం శాఖ సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేయాలంది. 2024 జులై 1 నుంచి, సిమ్ మార్చిన ఏడు రోజుల్లోపు ఇంకో కంపెనీకి పోర్ట్ కావడం కుదరదు. మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే టాఫ్‌కాప్ సైటు 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాల్లోనే మొదలైంది, ఇప్పుడది టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో భాగం. ఎంత అవసరమో తెలియాలంటే, 2023లో విజయవాడలో ఒకే ఫొటోతో 658 సిమ్‌లు ఇచ్చినట్టు బయటపడిన సంగతి చాలు. ఒకే మొహం 658 సార్లు కౌంటర్ దాటిందన్నమాట!

దొంగలూ ఖాళీగా కూర్చోలేదు. కొరియర్ పేరు చెప్పి స్టార్ 401తో ఓ నంబరు డయల్ చేయించి కాల్స్ దారి మళ్లించారు. 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ పద్ధతిని ఆపించేశారు. ఇప్పుడు పెళ్లి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లో యాప్ దిగిపోయే ఫైల్) పంపి, మెసేజ్‌లు చదివే పర్మిషన్ మనచేతే ఇప్పించుకుంటున్నారు. ఇందులో దేనికీ సిమ్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు.

నాకు కావాల్సింది ఇంకొకటుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2025లో వైర్‌లెస్ లాక్ అని యాప్‌లో ఒక మీట పెట్టింది. అది వేసి ఉన్నంతకాలం కౌంటర్లో ఎవరొచ్చి ఏ కథ చెప్పినా సిమ్ మారదు. అక్కడున్న మన పిల్లలు చాలామందికి ఆ సంగతి తెలీదు, తెలిస్తే వేసుకోమనండి. అలాంటిది ఇక్కడ ప్రతి ఆపరేటరూ ఉచితంగా ఇవ్వాలి. ఫోన్ నిజంగా పోతే ఇబ్బంది కదా అంటారు. ఇబ్బందే. ఓ రెండు రోజులు ఫోన్ లేకుండా ఉండడమా, జీవితకాలపు గ్రాట్యుటీయా అని అడిగితే మా చిన్నాన్న ఏమంటాడో నాకు తెలుసు.

ఆ మీట వాళ్లంతట వాళ్లు పెట్టరు. డబ్బు కట్టాల్సి వస్తే పెడతారు. 2021లో రాజస్థాన్‌లో వొడాఫోన్ ఐడియా అలాగే కట్టాల్సి వచ్చింది. ఒకాయన నంబరు మీద వేరేవాడికి డూప్లికేట్ సిమ్ ఇచ్చారు, ఖాతాలోంచి 68 లక్షలకు పైగా పోయాయి. కొంత వెనక్కొచ్చింది. రానిదానికి కంపెనీ 27 లక్షలకు పైగా చెల్లించాలని ఐటీ చట్టం కింద ఆ రాష్ట్ర అధికారి ఆదేశించారు. ఆయన గెలిచింది క్లోనింగ్ మీద కాదు, ఎవరు ఏ కాగితం చూసి సిమ్ ఇచ్చారన్న ప్రశ్న మీద.

కాబట్టి ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాక, ఫిర్యాదులో "సిమ్ క్లోన్ చేశారు" అని రాయకండి. సిగ్నల్ పోయిన తేదీ, సమయం రాయండి. మీ కార్డు మీది ఐసీసీఐడీ రాయండి. నంబరుకి ఇప్పుడు తగిలించి ఉన్న ఐసీసీఐడీ ఏంటో, అది మారి ఉంటే ఏ దుకాణం నుంచి, ఏ గుర్తింపు కాగితం మీద ఇచ్చారో ఆపరేటర్‌ని రాతపూర్వకంగా అడగండి. మారకపోతే ఫోన్లోని యాప్‌ల వైపు, కాల్ ఫార్వర్డింగ్ వైపు వెతకాలి. మారితే ఇక వెతకాల్సిన పని మీది కాదు, వాళ్లది.